ఫ్రీ లినక్స్ ఎవరికి ఫ్రీ? "ఐ అగ్రీ" నొక్కే ముందు ఒక్క నిమిషం

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉందంటే లినక్స్ ఉన్నట్టే, దాని లోపల నడిచే కెర్నల్ అదే. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో కంప్యూటర్ కోర్సులు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, రెడ్ హ్యాట్ లినక్స్ ఫ్రీ కదా, మా కాలేజీ సర్వర్‌లో వేయొచ్చా?"

ఫ్రీనే. కానీ ఎవరికి, ఎన్ని మెషీన్లకు, ఎన్నాళ్లు? అసలు విషయం అక్కడే ఉంది.

ముందు ఒకటి అర్థం చేసుకోండి. ఇక్కడ కాగితాలు రెండు. మొదటిది సాఫ్ట్‌వేర్ లైసెన్స్. లినక్స్ కెర్నల్‌ది జీపీఎల్. వాడుకో, మార్చుకో, పంచుకో అంటుంది. రెండోది కంపెనీ సబ్‌స్క్రిప్షన్ అగ్రిమెంట్. అప్‌డేట్లు, సపోర్ట్ ఏ షరతుల మీద ఇస్తారో అందులో ఉంటుంది. మనం మొదటి దాని పేరు విని, రెండో దానికి చదవకుండానే ఒప్పుకుంటాం.

రెడ్ హ్యాట్‌లో డెవలపర్లకు ఉచిత సబ్‌స్క్రిప్షన్ ఉంది. 2021 నుంచి దానితో 16 సిస్టమ్‌ల వరకు నడుపుకోవచ్చు, నిజమైన పనికి కూడా. కానీ అది వ్యక్తికి ఇచ్చేది, సంస్థకు కాదు. ఏటా రెన్యువల్ చేసుకోవాలి. ఉబుంటు ప్రో కూడా అంతే, సొంత వాడకానికి 5 మెషీన్ల వరకే ఫ్రీ.

ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఒక కాలేజీ అనుకుందాం. ఒక స్టూడెంట్ తన సొంత అకౌంట్‌తో సర్వర్ పెట్టిండు. ఫీజులు, మార్కులు అన్నీ అందులోనే. వచ్చే ఏడు ఉద్యోగానికి హైదరాబాద్ పోయిండు, రెన్యువల్ మర్చిపోయిండు. సర్వర్ ఆగదు, కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. అందరి వివరాలూ తలుపు తెరిచిన ఇంట్లో ఉన్నట్టే. ఎవరికీ తెలియదు కూడా.

ఇంకో షరతు చూడండి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్ కోడ్‌ను అందరికీ నేరుగా పెట్టడం ఆపేసింది. కస్టమర్లకు ఇస్తుంది. జీపీఎల్ ప్రకారం వాళ్లు ఆ కోడ్‌ను పంచుకోవచ్చు. కానీ అలా పంచితే సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే వీలు అగ్రిమెంట్‌లో ఉంది. హక్కు ఉంటుంది, తర్వాతి అప్‌డేట్ మాత్రం రాకపోవచ్చు.

అసలు అగ్రిమెంటే లేని ఫ్రీకి హామీ కూడా ఉండదు. సెంటోస్ 8 సంగతి గుర్తుందా? 2029 దాకా అనుకున్న సపోర్ట్ 2021 డిసెంబర్ 31కే ముగుస్తుందని 2020 డిసెంబర్‌లో ప్రకటించిన్రు. ఆ తర్వాతే అల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చినయి. వీటికి మెషీన్ల లెక్క లేదు, అకౌంట్ అక్కర్లేదు. చిన్న కాలేజీకో, షాపుకో నేనైతే వీటినే చెప్తా.

యాభై పేజీలు ఎవరు చదువుతరు అంటరా? ఫోన్‌లోనే అగ్రిమెంట్ తెరిచి, ఫైండ్ ఇన్ పేజ్‌లో నాలుగు ఇంగ్లీష్ మాటలు వెతకండి. ఇండివిడ్యువల్: ఎవరి కోసం. ప్రొడక్షన్: అసలు పనికి వాడొచ్చా. ఆడిట్: మీ వాడకాన్ని తనిఖీ చేస్తారా. టర్మినేట్: ఎప్పుడు రద్దు చేస్తారు. ఆ నాలుగు చోట్ల ఉన్న పేరా చదివితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

పది మంది ఆధారపడే సర్వర్‌ను ఒక్కరి పేరు మీద పెట్టకండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.