సత్రము పన్ను: మినహాయింపు, అప్పీలు
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన సత్రమునకు వచ్చిన పన్ను నోటీసును గూర్చియు, దానిపై నడచిన వ్యవహారమును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము న్యాయవాదులము కాము. అంగడిలో చిట్టా వ్రాసికొని బ్రతుకువారము. చట్టమును గూర్చి మేము నేర్చినదెల్ల దెబ్బ తిని నేర్చినదే. ఆ దెబ్బ ఇతర పట్టణములలోని మనవారికి తగులకుండవలెననియే ఈ ప్రసంగము.

జరిగినది ఇది. మూడేండ్ల క్రిందట నగరపాలక సంస్థవారు మన సత్రమును మొత్తముగా వాణిజ్య కట్టడమని లెక్కగట్టి, వెనుకటి బకాయితో గూడ కందాయము చెల్లింపవలెనని నోటీసు పంపిరి. వీధివైపున రెండు అంగళ్లు అద్దెకున్న మాట నిజమే. కాని లోపలి పండ్రెండు గదులలో దిగువారెవరు? పెద్దాసుపత్రికి రోగిని తోడుకొని వచ్చు పల్లెటూరివారు. వారిచ్చు రుసుము దీపమునకు, నీళ్లకు సరిపోవునంతే. అడిగిన బకాయి సత్రము రెండేండ్ల రాబడిని మించియున్నది. గదులను లాడ్జికి కౌలుకిచ్చి బాకీ తీర్చుదమను మాటయు మన కమిటీలో వచ్చినది. అట్లు చేసిన బాకీ తీరును, సత్రము పోవును.

ఇందు మొదటి తప్పు మనదే. వచ్చిన నోటీసును కావలివాడు పుచ్చుకొని దేవుని పటము వెనుక దోపెను. మేము చూచునప్పటికి అభ్యంతరముల గడువు సగము గడచినది. చూచిన పిమ్మటనైనను మేము చేసినదేమి? కచేరికి పోయి, తెలిసిన గుమాస్తాతో నోటిమాటగా విన్నవించి, ‘చూచెదము లెండి’ అను మాట పుచ్చుకొని తిరిగి వచ్చితిమి. గడువు దాటినది, అభ్యంతరము లేదని వ్రాసి ఉత్తర్వు చేసిరి. రశీదు లేని జమ జమ కాదని దినమునకు పదిమార్లు చెప్పు వ్యాపారస్థులము, ఆ మాటను అక్కడ మరచితిమి.

అప్పుడు మనలో రెండు పక్షములేర్పడినవి. తెలుగువారి సత్రము గనుకనే ఇట్లు చేసిరని యువకులు కొందరనిరి. తలయొగ్గి కట్టివేయుదమని పెద్దలు కొందరనిరి. మాకు రెండును సరిగా తోచలేదు. భాషాద్వేషమని చెప్పుటకు మనచేత ఆధారమేదియు లేదు. ఊరకే కట్టుటకు చట్టము మనలను నిర్బంధింపలేదు. కావున ముందు చట్టము చదివితిమి.

కర్ణాటకమున బెంగుళూరు కాక ఇతర నగరపాలక సంస్థలకు 1976 నాటి చట్టమును, చిన్న పట్టణములకు 1964 నాటి పురసభల చట్టమును వర్తించును. 1976 చట్టము 110వ సెక్షనున ఆస్తిపన్ను మినహాయింపులు గలవు. పూజాస్థలములతో పాటు, అద్దె తీసికొనని సత్రములును, తీసికొన్న అద్దెను కేవలము ధర్మకార్యములకే వినియోగించు సత్రములును అందు చేరియున్నవి. అనగా మినహాయింపు అధికారి దయ కాదు, చట్టమిచ్చినది. అయితే అందుకు మనము అర్హులమని చూపవలసిన భారము మనమీదనే యుండును. పన్ను మినహాయింపును కోరువాడే తన అర్హతను రుజువు చేసికొనవలెనని 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఒక దిగుమతి సుంకపు వ్యవహారమున స్పష్టముగా చెప్పినది.

రుజువు కొరకు పెట్టెలు వెదకితిమి. దాతలు వ్రాసియిచ్చిన ధర్మపత్రము దొరకినది గాని, అది తెలుగున నున్నది. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణ కొరకు ఏ అధికారికైనను దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలో నున్న ఏ భాషయందైనను వినతి చేసికొను హక్కు ప్రతివానికి గలదు. ఆ హక్కును మేము వదలుకొనలేదు. కాని వినతి నిచ్చు హక్కు వేరు, అది త్వరగా చదువబడుట వేరు. కావున అప్పీలును కన్నడమున వ్రాయించి, ధర్మపత్రమునకు కన్నడానువాదము చేయించి, నోటరీచే ధ్రువపరపించి, తెలుగు మూలముతో జతపరచితిమి. మన భాషకు ఇందువలన కొరత యేమియు కలుగలేదు; ధర్మము నిలుచుటకు తోవ దొరకినది.

2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో తనిఖీ నివేదిక నకలు కోరితిమి. ముప్పది దినములలో జవాబియ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. నకలు చూడగా, గదుల కొలతలు గూడ అంగళ్ల పద్దున వ్రాసియున్నవి. ఒక హెచ్చరిక: నకలు రాలేదని అప్పీలు గడువు ఆగదు. ముందు అప్పీలు దాఖలు చేసి, నకలు వచ్చిన పిమ్మట అదనపు పత్రముగా చేర్చవలెను. ఆలస్యమునకు కారణము చెప్పి మన్నింపుమని ప్రత్యేక వినతి గూడ జతపరచితిమి. కారణము దాచలేదు, దేవుని పటము కథను ఉన్నదున్నట్లు వ్రాసితిమి.

విచారణ మూడుమార్లు వాయిదా పడి, తుదకు ముగిసినది. గదులకు మినహాయింపు లభించినది. అంగళ్లకు మాత్రము లభింపలేదు. అంగడి అద్దెయు ధర్మమునకే పోవుచున్నదని మేము వాదించితిమి. అంగడి సత్రము కాదని అధికారి పలికెను. ఆలోచింపగా ఆ మాట న్యాయమే. అంగళ్ల పన్నును బకాయితో గూడ చెల్లించి రశీదు పొందితిమి.

కట్టడములను గూర్చిన ఉత్తర్వులకు మార్గము వేరు. అక్రమ నిర్మాణమని 321వ సెక్షను క్రింద తాత్కాలిక ఉత్తర్వు వచ్చినప్పుడు, దానితో వచ్చు సంజాయిషీ నోటీసునకు వ్రాతమూలముగా బదులియ్యవలెను. ఉత్తర్వును ఖాయపరచినచో 443-ఎ సెక్షను క్రింద కర్ణాటక అప్పెలేటు ట్రిబ్యునలున అప్పీలు చేసికొనవచ్చును. నేరుగా హైకోర్టునకు పోయినచో, అప్పీలు మార్గముండగా ఇటకేల వచ్చితిరని సాధారణముగా మొదట అడుగుదురు.

ఇతర రాష్ట్రములలోని మనవారికొక మాట. తమిళనాట 1998 నాటి నగర స్థానిక సంస్థల చట్టము 2023 ఏప్రిలులో అమలునకు వచ్చినది. పాత సెక్షనుల నంబర్లు ఇప్పుడు పనికిరావు. ఒడిశాలో 1950, 2003 నాటి చట్టములును, ముంబయిలో 1888 నాటి చట్టమును, యానాములో 1973 నాటి పుదుచ్చేరి పురపాలక చట్టమును చూడవలెను. ఒక ఊరి మినహాయింపు మరియొక ఊర చెల్లునని తలపరాదు.

మా అనుభవముచే తేలినది ఇంతే. నోటీసు అందిన దినమును దానిపైననే వ్రాయుడు. గడువు తేదీని ముందు చదువుడు. జవాబు వ్రాతలో నిచ్చి టపాలు విభాగమున ముద్ర, నంబరు పొందుడు. వివాదము లేని మొత్తమును ఆపక చెల్లింపుడు. రాబడి, ధర్మవ్యయములకు ప్రత్యేక ఖాతా నడుపుడు. మా అప్పీలును నిలిపినది వక్తృత్వము కాదు. మన పాత కోశాధికారులు వ్రాసిన లెక్క పుస్తకములు.

తుదకొక విన్నపము. ఆ పుస్తకములలో కొన్ని సంవత్సరములవి లేవు. మీ యిండ్ల అటకలపైన, తాతల పెట్టెలలో సత్రమునకు సంబంధించిన రశీదు గాని, ఉత్తరము గాని యుండవచ్చును. చిరిగినదని పారవేయక మాకందింపుడు. నకలు తీసికొని మూలమును మీకే తిరిగి యిచ్చెదము. మరల నోటీసు రాదని చెప్పలేము. వచ్చినప్పుడు అది దేవుని పటము వెనుకకు పోరాదు.