పరీక్షాఫలితములు - మన కర్తవ్యము

(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



పిల్లలెంత నేర్చినదియు తెలిసికొనుటకు జాతీయ సాధన సర్వే 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు జరిగినది. 2024 డిసెంబరు 4న 'పరఖ్' పేర 3, 6, 9 తరగతులకు జరిగినది. ఇందు ఏరిన బడులలో కొందరినే పరీక్షించి, జిల్లా మొత్తమునకు ఫలితము ప్రకటింతురు. ఏ విషయమున జిల్లా వెనుకబడినదో గ్రహించి బోధనను సవరించుకొనుటయే దాని ప్రయోజనము.

అన్నముడికినదో లేదో మెతుకు పట్టి చూచుట వంటిదే ఈ పద్ధతి. కాని మన హోసూరు ప్రాంతమున కుండ ఒక్కటి కాదు. తమిళ, తెలుగు, కన్నడ మాధ్యమముల బడులు ఒకే జిల్లాలో నున్నవి. కొద్దిమందియైన మన పిల్లల సంగతి జిల్లా సగటులో కనబడదు.

కావున ఆ పని మనమే చేయవలెను. ఉపాధ్యాయులమైన మేము ప్రతి పరీక్ష పిదప ప్రశ్నవారీగా తప్పులను వ్రాసి యుంచుచున్నాము. లెక్క రాక తప్పినవాడు వేరు, లెక్కలోని వాక్యము బోధపడక తప్పినవాడు వేరు. మొదటివానికి ఎక్కములు కావలెను. రెండవవానికి వాచకము కావలెను. మార్కు మాత్రము ఇద్దరికిని సున్నయే!

తల్లిదండ్రులకొక మనవి. మార్కులు తగ్గగానే తెలుగు మాధ్యమమే కారణమని తలచి బిడ్డను బడి మార్పకుడు. ముందు జవాబుపత్రమును మాతో కూర్చుండి చూడుడు. ఒక్కొక్కరే తగ్గినచో తుదకు తరగతియే నిలువదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని నిలుపుకొనుట మన చేతిలో నున్నదని మనవి చేసి విరమించుచున్నాము.