పేరు వేసుకోని కథకుడు

మన అండమాన్‌లోని బారెన్ ద్వీపం తెలుసుగా? దేశంలో ఇంకా నిప్పులు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. మరి అలాంటి నిప్పుల దీవి పేరుతో పిల్లల కోసం 'జ్వాలాద్వీపం' అనే సీరియల్ రాసిందెవరో తెలుసా? దాసరి సుబ్రహ్మణ్యం గారు.

ఆయనది గుంటూరు జిల్లా. 1952లో మద్రాసులో చందమామ పత్రికలో చేరారు. దశాబ్దాల పాటు అక్కడే ఉన్నారు. తోకచుక్క, కంచుకోట, పాతాళదుర్గం, యక్షపర్వతం... ఇవన్నీ ఆయన రాసినవే. మాంత్రికులు, రాక్షసులు, కత్తి దూసే యువకులు. పక్కన చిత్రకారుడు చిత్రా గారి బొమ్మలు. సరిగ్గా ఆపద ముంచుకొచ్చిన చోట 'ఇంకా ఉంది' అని ఆపేసేవారు. ఇక నెల్లాళ్లు ఆగాల్సిందే! ఆ కథలు ఇతర భాషల చందమామల్లోనూ వచ్చాయి.

కానీ సీరియల్ మీద ఆయన పేరుండేది కాదు. అవునండీ, పేరే ఉండేది కాదు. కథ ఇంటింటికీ తెలుసు. రాసినాయన చాలామందికి తెలియదు. 2010లో ఆయన కన్నుమూశారు.

అందుకే ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ పిల్లలకు తెలుగు కథ చదివి వినిపించండి. చదివేముందు రాసినవారి పేరు చెప్పండి. కథతో పాటు పేరు కూడా. మరిచిపోరు కదూ?