నిన్న ఏం తిన్నారు?

న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్‌లో బీఎస్సీ పూర్తిచేసిన మీ అందరికీ అభినందనలు.

ఈ కోర్సులో చేరతామన్నప్పుడు మీలో చాలామంది ఒక మాట విని ఉంటారు. "వంట నేర్చుకోవడానికి డిగ్రీ ఎందుకమ్మా?" అని. ఆ మాట అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు. వాళ్ళ కోసం చెబుతున్నాను. మీ పిల్లలు జెల్డాల్ పద్ధతిలో కందిపప్పులోని నత్రజనిని కొలిచి, అందులో మాంసకృత్తులు ఎంతో లెక్కగట్టారు. ఒంట్లో పిండిపదార్థం ఎన్ని మెట్లు దిగి శక్తిగా మారుతుందో బయోకెమిస్ట్రీలో చదివారు. అంగన్‌వాడీలకు వెళ్ళి పసివాళ్ళ దండచేతి చుట్టుకొలత తీశారు. ఆసుపత్రి వార్డుల్లో ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగికి ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో లెక్క వేశారు. వంట కూడా నేర్చుకున్నారు. అది రాకపోతే మిగతా చదువంతా రోగి కంచం దాకా చేరదు.

ఇన్ని నేర్చుకున్నారు కదా, నేను మాత్రం ఈ రోజు ఒక్కదాని గురించే మాట్లాడతాను. మీరు ప్రాక్టికల్స్‌లో చేసిన 24 గంటల డైటరీ రీకాల్. కొలత గిన్నెలు ముందు పెట్టుకుని, ఎదుటి మనిషిని "నిన్న ఏం తిన్నారు?" అని అడిగి రాసుకోవడం. రికార్డు పుస్తకం నింపడానికి చేసే పనిలా అనిపిస్తుంది. ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి చెప్పగలను, మన శాస్త్రంలో దానికంటే పదునైన పనిముట్టు లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీ అందరికీ తెలుసు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు మొదలుపెట్టిన ఒక చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మొదలైంది బెరిబెరితోనే కాబట్టి ముందు ఆ రోగం సంగతి చూద్దాం.

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి అందరినీ ఒకేలా పట్టలేదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, ఎక్కువగా ఉండేది. కాళ్ళు తిమ్మిర్లెక్కడం, నీరు పట్టడం, గుండె దెబ్బతినడం ఒక ఎత్తు. ఈ రోగానికి మూలం థయమిన్ అనే విటమిన్ లోపం; తల్లి ఒంట్లో అది లేకపోతే పాలలోనూ ఉండదు కనుక, చనుబాలు తాగే బిడ్డలే నెలల వయసులో చనిపోవడం ఇంకొక ఎత్తు. దక్షిణాన తమిళ జిల్లాల్లో వాళ్ళూ బియ్యమే తినేవాళ్ళు, వాళ్ళలోనూ పేదలు ఉండేవాళ్ళు. మరి ఇక్కడే ఎందుకు?

అక్కడ తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత దంచుతారు. తవుడులోనూ మొలకలోనూ ఉండే థయమిన్ ఆ నీటిలో కరిగి గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత తవుడు పోయినా కొంత గింజలో మిగులుతుంది. మన కోస్తాలో తినేది పచ్చి బియ్యం. దంపుడు బియ్యంగా ఉన్నంతకాలం నష్టం తక్కువే. మిల్లులొచ్చి తెల్లగా పట్టడం మొదలయ్యాక తవుడుతోపాటే థయమిన్ పోయింది. మిగిలిన కాస్తలోనూ మూడు నాలుగు సార్లు కడిగిన కడుగునీళ్ళలో కొంత, వార్చి పారబోసిన గంజిలో కొంత పోయింది.

ఈ సంగతి తెలుసుకోవాలంటే "అన్నం తింటారా?" అని అడిగితే చాలదు. ఏ బియ్యం? ఎవరు పట్టారు? ఎన్నిసార్లు కడుగుతారు? గంజి ఏం చేస్తారు, తాగుతారా, పశువుల కుడితిలో పోస్తారా? ఈ నాలుగు ప్రశ్నల్లో ఏది వదిలినా రోగం మూలం దొరకదు. మీరు రాసే రీకాల్ ఫారంలో "అన్నం, 2 గిన్నెలు" అని ఉన్న గడి వెనక ఇంత ఉంది.

తెలంగాణ, రాయలసీమ, మరాఠ్వాడా పల్లెల్లో ఇంకో కథ నడిచింది. 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠియా దక్కన్‌లో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఉందని ప్రపంచానికి చూపించారు. ఎండ తగిలే మెడ మీద, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు. అంతకుముందు దాన్ని మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బుగానే ఎక్కువగా చెప్పుకునేవారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని వాళ్ళు అన్నారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదం జరిగింది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్న రొట్టె తినే ఇళ్ళల్లోకి మూడు పూటలా అన్నం వచ్చింది. పెల్లాగ్రా ఇప్పుడు అరుదు. కానీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. వాళ్ళలో ఎందరో ఇప్పుడు రాత్రిపూట అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నారు.

మీ దగ్గరికి వచ్చేవాళ్ళు జొన్న మంచిదా, చెడ్డదా అని అడుగుతారు. దానికి మీరు తిరిగి అడగాల్సింది "దేంతో తింటారు?" అని. పచ్చిమిరపకాయ కారంతో మాత్రమే తిన్న కూలి మనిషి జొన్న రొట్టె వేరు. పప్పు, ఆకుకూర, వేరుశనగ పొడి, మజ్జిగ పక్కనున్న జొన్న రొట్టె వేరు. చిరుధాన్యాలు సర్వరోగ నివారిణి అని చెప్పే వీడియోలను నమ్మి మాత్రలు మానేసినవాళ్ళు మీ దగ్గరికి వస్తారు. వాళ్ళను కసరకండి. మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి, రొట్టెను ఉంచండి.

ఇక ఎలా అడగాలో కాస్త చెబుతాను, ఎందుకంటే పుస్తకంలో ఇది ఒక పేరాలో ముగుస్తుంది. మన జనం టీని తిండిలో లెక్కపెట్టరు. బిస్కెట్‌ను లెక్కపెట్టరు. గుడిలో తిన్న పులిహోర, సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ, కల్లు, ఇవేవీ అడగనిదే రావు. అందుకే తిండి పేరుతో కాకుండా రోజు నడకతో అడగండి. లేవగానే ఏం తాగారు? పనికి ఎప్పుడు బయలుదేరారు, దారిలో ఎక్కడ ఆగారు? నూనె ఎంత వాడతారంటే ఎవరికీ తెలియదు. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఇంట్లో ఎంతమంది అంటే ఠక్కున చెబుతారు. కూరలో ఉప్పు తగ్గించామనే బీపీ రోగిని ఆవకాయ గురించి, అప్పడాల గురించి, ఊరమిరపకాయల గురించి అడగండి. విన్నదానికి మీ ముఖంలో ఏ మార్పూ రాకూడదు. మీ కనుబొమ్మ లేచిందంటే ఆ తర్వాత వాళ్ళు చెప్పేదంతా మీకు నచ్చేదే, జరిగింది కాదు.

కోడలిని అత్తగారి ముందు అడగకండి. ఆ తర్వాత అత్తగారితో విడిగా కూర్చోండి, గౌరవంగా. బాలింత పథ్యం ఎలా ఉండాలో ఆ ఇంట్లో నిర్ణయించేది ఆవిడ. పాలు పడతాయని పాలసొర పులుసు పెట్టే ఆవిడ చేతిలో మంచి మాంసకృత్తుల ఆహారం ఉంది. ఆవిడే బాలింతకు మంచినీళ్ళు, కూరలు తగ్గించమంటుంది. మొదటిదాన్ని మెచ్చుకున్నాకే రెండోదాన్ని మార్చగలరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019–21లో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఈ హాల్లో కూర్చున్న అమ్మలారా, ఇది మన లెక్క. ఐరన్ మాత్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. దాన్ని టీతో వేసుకుంటే టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు. మాత్రకు నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే మేలు. ఇవన్నీ మీకు తెలుసు. అయితే మీరు ఆ ఇంట్లో ఇంకొకటి అడగాలి. అందరూ తిన్నాక గిన్నెలో ఎంత కూర మిగిలింది? చివర కూర్చున్నది ఎవరు?

ఆ మాత్రలోనే ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1930ల ముందూ వెనకా బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలకు రక్తం ఎందుకు తగ్గుతోందని వాళ్ళ తిండి పరిశీలించి, ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ ఇచ్చి నయం చేసింది. ఆ ఈస్ట్‌లో ఉన్నదే ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన తోబుట్టువులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి ఫోలిక్ యాసిడ్ మందైంది. అంగన్‌వాడీలో మాత్ర చేతికిచ్చేటప్పుడు ఈ సంగతి గర్భిణికి చెప్పండి. మన ఊరివాడి చేతి మందు అంటే వేసుకోవడానికి ఇంకాస్త ఇష్టపడుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి చెప్పకుండా ముగించలేను. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల సీమ. అక్కడ ఎందరికో కిడ్నీలు పాడవుతున్నాయి, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. కిడ్నీ దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ళు ప్రమాదం, గుండె ఆగిపోవచ్చు. ఆ సంగతి డైట్ చార్ట్‌లో ఒక్క ముక్కలో రాసేస్తాం. కానీ ఆ మనిషి కొబ్బరి చెట్టెక్కి బతికేవాడు, మధ్యాహ్నం దాహానికి బొండం కొట్టుకునేవాడు. ఎందుకు వద్దో అతనికి అర్థమయ్యేలా కూర్చుని చెప్పకపోతే ఆ చార్ట్‌కు విలువ లేదు. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. ఆ ఇంటి ఉప్పు ప్యాకెట్ తెప్పించుకుని చూడండి.

ఇంకొకటి, ఇది నా కళ్ళముందు చాలాసార్లు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమంటాం. డయాలసిస్ మొదలయ్యాక పెంచాలి. బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే ప్రతి డయాలసిస్‌లోనూ కొంత కొట్టుకుపోతుంది. ఈ మార్పును ఎవరూ చెప్పకపోతే, భార్య పాత కాగితాన్ని పట్టుకుని గుడ్డూ పప్పూ ఇంకా దూరం పెడుతూనే ఉంటుంది. భర్త రోజురోజుకూ చిక్కిపోతుంటాడు, అది జబ్బు వల్లే అనుకుంటుంది. ఆవిడ ఎంతో ప్రేమతో, ఎంతో క్రమశిక్షణతో చేస్తున్న పని అది. వార్డులో డైటీషియన్ ఉండి "నిన్న ఏం తిన్నారు?" అని అడిగి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

మీకు ఉద్యోగాలిచ్చేవాళ్ళలో పౌడర్ డబ్బాలు అమ్మించాలనుకునేవాళ్ళూ ఉంటారు. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు మానండని ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పాయి. చక్కెర నిండిన పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని ముద్రించి అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. లేబుల్ చదవడం మీకు వచ్చిన విద్య. అది డబ్బా కంపెనీ వైపు కాక తాగే బిడ్డ వైపు నిలబడాలి.

చివరగా, వేదిక మీదున్న పెద్దలకు ఒక విన్నపం. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లనూ న్యూట్రిషనిస్టులనూ ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించింది. ఆ గుర్తింపు పోస్టుల్లో కనిపించాలి. డయాలసిస్ జరిగే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రసవాలు జరిగే ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక డైటీషియన్ ఉండాలి, కాంట్రాక్టు మీద కాదు, పర్మనెంటుగా. మీలో ఎవరి మాట ప్రభుత్వంలో చెల్లుతుందో వాళ్ళు ఈ మాట అక్కడ ఎత్తండి. పీజీ చదివి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాస్తామనే పిల్లలకు జిల్లా ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ దొరికేలా ఈ కళాశాల ఒప్పందాలు చేసుకోవాలని కూడా కోరుతున్నాను.

పిల్లలూ, పట్టాలు అందుకోండి.