పదో వంతు సెకను: సాజన్ ప్రకాశ్ టోక్యోకి ఎలా వెళ్లాడు?

ఈ రోజు ఈత గురించి మాట్లాడుకుందాం. ఎండాకాలం సెలవుల్లో బావిలో దూకే ఈత కాదు, ఒలింపిక్స్ ఈత. ముందు ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోండి: 1 నిమిషం 56.48 సెకన్లు.

టోక్యో ఒలింపిక్స్‌లో అబ్బాయిల 200 మీటర్ల బటర్‌ఫ్లైకి నేరుగా ఎంట్రీ దొరకాలంటే అంతలోపు ఈదాలి. దీన్ని 'ఏ' కట్ అంటారు. 2021 జూన్ దాకా ఇండియా నుంచి ఒక్క స్విమ్మర్ కూడా, ఏ ఈవెంట్‌లోనూ ఈ 'ఏ' కట్ కొట్టలేదు. అవును, మీరు విన్నది కరెక్టే. మరి అంతకుముందు మనవాళ్లు ఎలా వెళ్లారు? కొంచెం తేలికైన 'బి' కట్‌తో ఆహ్వానం వస్తేనో, లేదంటే యూనివర్సాలిటీ కోటాలోనో. ఆ కోటా ఏంటంటే, ఒక దేశంలో ఎవరూ క్వాలిఫై కాకపోతే ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి సీటు ఇస్తారు. సాజన్ ప్రకాశ్ 2016 రియోకి అలాగే వెళ్లాడు.

సాజన్ పుట్టింది కేరళలో, పెరిగింది తమిళనాడులోని నైవేలిలో. వాళ్లమ్మ షాంటిమోల్ కూడా అథ్లెటే. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో 1:57.75 ఈది ఐదో ప్లేస్‌లో వచ్చాడు. అంటే టోక్యో కట్‌కి ఇంకా సెకనుంపావు పైనే తగ్గాలి. సెకనుంపావే కదా అనిపిస్తుంది. కానీ ఈ లెవెల్లో అది ఏళ్ల పని.

బటర్‌ఫ్లై ఎప్పుడైనా ట్రై చేశారా? నేను చేశాను. పాతిక మీటర్లకే భుజాలు పడిపోయాయి. రెండు చేతులూ ఒకేసారి నీళ్ల మీద నుంచి ముందుకు విసరాలి, కాళ్లు రెండూ కలిపి చేప తోకలా కొట్టాలి, ఊపిరి కోసం తల ఎత్తాలి, మళ్లీ దించాలి. 50 మీటర్ల పూల్‌లో ఇలా నాలుగు లెంగ్త్‌లు. మూడో లెంగ్త్‌లో నడుము కిందికి జారడం మొదలవుతుంది. టైమ్ పోయేది అక్కడే. అందుకే వీళ్లు రోజుకి రెండు పూటలా, కిలోమీటర్ల కొద్దీ ఈదుతారు. ఒళ్లు అలిసిపోయాక కూడా స్ట్రోక్ చెడిపోకుండా ఉండటానికే అదంతా. పెద్ద పోటీకి రెండు మూడు వారాల ముందు ఆ దూరం బాగా తగ్గించేస్తారు. దాన్ని టేపర్ అంటారు. నెలల అలసట అప్పుడు దిగిపోయి స్పీడ్ బయటికొస్తుంది.

సరిగ్గా ఈ బటర్‌ఫ్లై చేసేవాడికే మెడలో డిస్క్ జారింది. ఆ నొప్పి చేతి దాకా పాకింది. పైగా 2020లో కరోనా. మన దేశంలో పూల్స్ మార్చిలో మూసేస్తే, స్పోర్ట్స్ ట్రైనింగ్ కోసం తెరవడానికి పర్మిషన్ వచ్చింది అక్టోబర్‌లో. రన్నర్ అయితే మేడ మీదైనా పరిగెత్తొచ్చు, స్విమ్మర్ ఏం చేస్తాడు చెప్పండి? నాలుగు రోజులు నీళ్లకి దూరమైతేనే చేతికి నీళ్లు సరిగ్గా దొరకట్లేదంటారు వాళ్లు. విర్ధవల్ ఖాడే అయితే రిటైర్మెంట్ గురించి ఆలోచించాల్సి వస్తుందేమో అని బయటికే చెప్పాడు. సాజన్ ఆ టైమ్‌లో థాయిలాండ్‌లో చిక్కుకుపోయాడు. ఆ తర్వాత దుబాయ్ వెళ్లి కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక 2021. ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో 1:57.85. జూన్‌లో బెల్‌గ్రేడ్‌లో 1:56.96. కట్‌కి ఇంకా అర సెకను దూరం. క్వాలిఫికేషన్‌కి ఆఖరి రోజు జూన్ 27. బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్‌ది కూడా ఇదే టెన్షన్. ఇద్దరూ కట్ మిస్ అయితే అబ్బాయిలకి ఉన్న కోటా సీటు ఒక్కటే మరి.

జూన్ 26, రోమ్, సెట్టె కొల్లి మీట్. సాజన్ గోడ తాకాడు: 1:56.38.

పదో వంతు సెకను తేడా! ఆ స్పీడ్‌లో లెక్క కడితే 17 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. మర్నాడు, అంటే ఆఖరి రోజున, శ్రీహరి టైమ్ ట్రయల్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ 53.77లో ఈదాడు. కట్ 53.85. దాన్ని ఒప్పుకుంటారా లేదా అని మళ్లీ కొన్ని రోజులు ఎదురుచూపులు. చివరికి ఓకే అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. టోక్యోలో సాజన్ 1:57.22తో 24వ ప్లేస్‌లో ఆగిపోయాడు, సెమీస్‌కి వెళ్లలేదు. గోల్డ్ కొట్టిన హంగేరీ స్విమ్మర్ క్రిస్టోఫ్ మిలాక్ టైమ్ 1:51.25. సాజన్ బెస్ట్‌తో పోల్చినా ఐదు సెకన్లు, పూల్‌లో చూస్తే దాదాపు తొమ్మిది మీటర్లు. అందుకే "వెళ్లి ఏం సాధించాడు?" అని కామెంట్లు పెట్టేవాళ్లుంటారు. నా లెక్క వేరే. మెడ నొప్పితో, పూల్ లేని ఏడాది తర్వాత, మూడేళ్ల కిందటి తన బెస్ట్ మీద 1.37 సెకన్లు తగ్గించాడు. మిలాక్‌తో పోల్చే ముందు ఈ నంబర్ కూడా చూడాలి కదా.

2024 పారిస్‌కి మాత్రం మనవాళ్లు ఎవరూ 'ఏ' కట్ కొట్టలేదు. శ్రీహరి, పద్నాలుగేళ్ల ధీనిధి దేసింగు ఇద్దరూ యూనివర్సాలిటీ కోటాలోనే వెళ్లారు. ఆ రోమ్ రేస్ వీడియో దొరికితే ఆఖరి 50 మీటర్లు ఒక్కసారి చూడండి. సరే మరి, ఉంటాను.