ఉప్పు లెక్క నాలుకకు తెలియదు



"ఉప్పు తగ్గించండి" అని డాక్టరుగారు అనగానే మనం ఇచ్చే జవాబు ఒకటే. "మేం అసలే తక్కువ తింటామండీ!" మా అత్తగారూ ఆ మాటే అన్నారు. మాత్రలు వేసుకుంటున్నా ఆవిడ రక్తపోటు దిగిరావడం లేదు. "కూరలో ఉప్పు వేసేది నువ్వు గదే అమ్మాయీ, నన్నడుగుతారేం?" అన్నారు నావైపు చూసి. నిజమే, వేసేది నేనే. ఎంత వేస్తున్నావంటే మాత్రం చెప్పలేకపోయాను. చేతి అంచనా గదా మనది!

అప్పుడు డాక్టరుగారు 24 గంటల మూత్రపరీక్ష రాశారు. మనం తిన్న సోడియంలో సుమారు నూటికి 90 వంతులు మూత్రంలోనే పోతుంది. మిగిలింది చెమటలోనూ, మలంలోనూ పోతుంది. పొటాషియం అయితే సుమారు ముప్పావు వంతు మూత్రంలో కనిపిస్తుంది. అంటే మనం మరిచిపోయిన ఆవకాయ బద్దనూ, అప్పడాన్నీ మూత్రం మరిచిపోదన్నమాట.

పద్ధతి కష్టమేమీ కాదు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పారబోసి, టైము రాసుకోవాలి. అప్పటినుంచి పగలూ రాత్రీ ప్రతిసారీ లాబొరేటరీవారు ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. మర్నాడు అదే టైముకు వచ్చేదాన్ని కూడా అందులో చేర్చాలి. ఒక్కసారి తప్పినా లెక్క తప్పినట్టే.

మొదటిసారి మా లెక్క అలాగే తప్పింది. సోడియం చాలా తక్కువని రిపోర్టు వచ్చింది. అత్తగారు గెలిచినట్టు నవ్వారు. డాక్టరుగారు మాత్రం క్రియాటినిన్ అంకె చూసి తల అడ్డంగా ఊపారు. అది కండరాల నుంచి రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో బయటికి వచ్చే పదార్థం. అది మరీ తగ్గిందంటే డబ్బాలోకి మూత్రమంతా చేరలేదేమోనని అనుమానించాలట. ఇంటికొచ్చాక అత్తగారు మెల్లిగా చెప్పారు, "చుట్టాలున్నారు గదమ్మా, వాళ్లముందు డబ్బా పట్టుకెళ్లడానికి సిగ్గేసింది. రెండుసార్లు పట్టలేదు" అని. ఆ తప్పుడు అంకెను నమ్మి ఉంటే, ఉప్పును వదిలేసి మాత్రలే పెంచుకుంటూ పోయేవాళ్లం!

రెండోసారి సరిగా పట్టాం. సోడియం 170 మిల్లీమోల్‌లు వచ్చింది. అంటే సుమారు 10 గ్రాముల ఉప్పు. చెమటలో పోయిందీ కలుపుకుంటే తిన్నది 11 గ్రాముల దాకా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. పొటాషియమేమో 40 మిల్లీమోల్‌లే వచ్చింది. ఆ లెక్కన తిన్నది రెండు గ్రాములు. కావలసింది మూడున్నర గ్రాములు.

"ఒక్కసారి చిన్న సీసాలో పట్టి ఇస్తే చాలదా?" అని మీరడగవచ్చు. ఒక ఊరి జనం సగటు ఉజ్జాయింపుగా చూడడానికి అది పనికిరావచ్చు గాని, ఒక మనిషి లెక్క తేల్చడానికి చాలదు. ఊరగాయ తిన్న పూట ఒక రకంగా, మజ్జిగన్నం తిన్న పూట మరో రకంగా ఉంటుంది. అందుకే 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ పరిశోధనలో 32 దేశాల్లో పదివేలమందికి పైగా మనుషుల నుంచి 24 గంటల మూత్రం సేకరించారు. మన దేశంలో ఢిల్లీ, లడఖ్‌లు అందులో ఉన్నాయి. ఆ మాటకొస్తే ఒక్కరోజు పరీక్షా పూర్తి సాక్ష్యం కాదు. వేర్వేరు రోజుల్లో చేస్తే మరీ మంచిది.

ఆ తరవాత మా ఇంట్లో ఉప్పు డబ్బాలో చెంచా వచ్చి చేరింది. ఊరగాయ రోజూ కాకుండా వారానికి రెండుసార్లయింది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయడం మానేశాను. పప్పు, అరటిపండు పెంచాం. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు డాక్టరు మాట లేనిదే పొటాషియం పెంచకూడదు సుమండీ! సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లోనూ చాలావాటిలో పొటాషియమే ఉంటుంది.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే సోడియం 110కి దిగింది. హద్దులోకి ఇంకా రాలేదు, కాని దారిలో పడ్డాం. ఈసారి డబ్బా దగ్గర కాగితం పెట్టుకుని, పట్టినప్పుడల్లా గీత గీసింది అత్తగారే! సిగ్గుపడవలసింది డబ్బా పట్టుకెళ్లడానికి కాదు, తెలియని లెక్కను తెలుసునని అనడానికి.