పాతమిద్దె – నూతన కార్యాలయము



ఈ సభయందు విద్యనుగూర్చి మాటలాడుమని మమ్ము గోరిరి. ముప్పదియేండ్లకు పైగా పలకయు బలపమునే నమ్ముకొన్న మాకు అది సులభమే. అయినను, విద్యను గడించిన మన పిల్లలు స్వగ్రామమున గూర్చుండి పనిచేయుటకు చోటెక్కడ యను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవిచేయదలచితిమి.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరమున క్రొత్తజిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. కావుననే మన పాతయిండ్లలో పెక్కు ఆ సీమ పద్ధతిని గట్టిన మట్టిమిద్దెలు. రాతిగోడను బురదతో గట్టి, దూలములపై దంతెలు పరచి, వానిమీద బండలో కట్టెలో పేర్చి, పైని చవుడుమన్ను దట్టముగ బోయుదురు. ఏటేట వానలకు ముందు క్రొత్త చవుడు చల్లుచుండినచో ఆ మిద్దె తరములు నిలుచును. నాలుగేండ్లు మరచినచో కురియును, దూలములు తడిసి చివుకును, చెదలు పట్టును. మన యిండ్లను బాడుచేసినది వయస్సు గాదు, వాకిటి తాళమే.

మార్కాపురమున మా పెద్దల మిద్దెయు నిట్లే పదునైదేండ్లు తాళము వేయబడియుండెను. వారసులలో గొందరు దానిని పడగొట్టి యంగళ్లు గట్టుదమనిరి. కొందరు స్థలము నమ్మి పంచుకొందమనిరి. తుదకు అన్నదమ్ముల నడుమ మాటలే నిలిచిపోయినవి. మా తమ్ముని కుమారుడు ఆడిటరు పరీక్షయందు గృతార్థుడై హైదరాబాదున పనిచేయుచుండెను. అతడు వచ్చి, “పెదనాయనా, ముందరి రెండు గదులు నాకు చాలును. బాడుగ నందరికిని సమముగ నిచ్చెదను. మిద్దెను మాత్రము పడగొట్టవలదు” అనెను. ఆ మాటతో కలహము చల్లారెను.

మేము చేసిన పొరపాటును దాచము. గోడలు గట్టిపడునని తలచి, పిల్లవాడు వలదనుచున్నను, సిమెంటు పూయించితిమి. ఒక వర్షాకాలము గడచునప్పటికి ఆ పూత బొబ్బలెక్కి పెచ్చులుగ నూడెను. మట్టితో గట్టిన గోడ నేలలోని తేమను బీల్చి వెలికి విడుచుచుండును. సిమెంటు ఆ దారిని మూసివేయగా, తేమ లోన నిలిచి మట్టిని మెత్తబరచును. ఈ సంగతిని వృద్ధుడైన యొక తాపీమేస్త్రీ మాకు దెలిపి, పూత నంతయు దీయించి, నానవేసిన సున్నమున నిసుక గలిపి పూసెను. సున్నము గాలిసోకి క్రమముగ మరల రాయివలె గట్టిపడును గాని తేమకు అడ్డుపడదు. అరువదేండ్లు దాటినపిమ్మట మేము నేర్చిన పాఠమిది.

పుచ్చిన రెండు దూలములను మాత్రమే మార్చితిమి. గోడలను దొలువక, విద్యుత్తు తీగెలను గొట్టములలో బెట్టి గోడ వెలుపలనే నడిపించితిమి. కాగితములే యాడిటరునకు ప్రాణము గావున, చెదలకు భయపడి బీరువాలను గోడకు జానెడు ఎడముగ నుంచితిమి.

పండితుల పనికి గృహము నెలవగుట మన సీమకు క్రొత్త గాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొరగారు అచ్చట బంగళా గొని, పండితులకు జీతము లిచ్చి, తాళపత్రములను సంస్కరింపజేసిరి. ఆ బంగళా కాలక్రమమున శిథిలమయ్యెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి కృషిచే ఆ స్థలమున గ్రంథాలయము వెలసినది. స్థలమైనను దక్కినందుకు సంతోషింతము. గోడలు నిలువనందుకు చింతింతము.

ఇక ముఖ్యవిషయము. మా మిద్దెకు ముందర ఎత్తైన యరుగు గలదు. మా బాల్యమున దానిపై గూర్చుండు నధికారము అందరికిని లేకుండెను. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుపరచినపిమ్మటను, కొందరు వీధిలో నిలిచియే మాటలాడి పోయెడివారు. మేము చూచియు నూరకుంటిమి. “ఆ యరుగును తీసివేయుదమా?” యని పిల్లవాడు అడిగెను. వలదంటిమి. దానిని తీసివేసినచో రాయి పోవును గాని తప్పు పోదు. వృద్ధులకును అవిటివారికిని అనువుగ ఒకప్రక్క వాలుదారి గట్టించి, యరుగును నిలిపితిమి.

కార్యాలయము తెరచిన కొలదిదినములకు పలకల కార్ఖానాలో బహుకాలము పనిచేసిన వృద్ధు డొకడు భవిష్యనిధి కాగితములతో వచ్చి, అలవాటుచొప్పున వీధిలోనే నిలిచెను. మేము దిగిపోయి చేయిపట్టి తోడ్కొనివచ్చి, యరుగుపై అతనిప్రక్క గూర్చుంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు, మేమును మాటలాడలేకపోతిమి. ఆ మిద్దెకు చేయించిన మరమ్మతులలో నదియే పెద్దది.

కులబాంధవులారా! మీ పాతయిండ్లను పడగొట్టుటకు ముందు తెలిసిన మేస్త్రీకి ఒకసారి చూపుడు. నిలువదగినదైనచో ముందరిగదిని స్వల్పమైన బాడుగకు ఒక యువ వకీలునకో, వైద్యునకో, ఆడిటరునకో యిండు. అతడు మన కులమువాడే కావలెనని నియమము పెట్టకుడు. ఆ వాకిట నడుగిడువారి కులమును అసలే యడుగకుడు. కులసంఘమునకు ఊరిలో గౌరవము గలుగుట దాని వాకిలి ఎందరికి దెరచియున్నదో దానినిబట్టియే యని మా నమ్మకము.